హై డెఫినిషన్ గృహ వీడియో: వ్యయభారము, నకలు నిరోధము

నిర్వచనము, పరిధి

చలనచిత్రములను, కుటుంబోత్సవముల చిత్రణములను ఇంటియందే, కోరిన వేళ, అధిక స్పష్టతతో చూచుటకు వీలు కల్పించు మాధ్యమములకు హై డెఫినిషన్ గృహ వీడియో అని పేరు. నిలువున 720 గీతలు గాని అంతకు మించి గాని కలిగిన చిత్రము సామాన్యముగా ఈ కోవకు చెందును. అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు గల చిత్రమును ఫుల్ హెచ్.డి. అని వ్యవహరింతురు. బ్లూరే డిస్కు, హెచ్.డి. డీ.వీ.డీ., అల్ట్రా హెచ్.డి. బ్లూరే అనునవి డిస్కు రూపములు, హెచ్.డి. కేబుల్ ప్రసారములు, అంతర్జాల ప్రదర్శన సేవలు వాని అనంతర రూపములు.

ఈ మాధ్యమమును ఇంటికి తెచ్చుకొనుటలో గృహస్థునకు ఎదురైన ప్రతిబంధకములలో ప్రధానమైనవి రెండు: ఒకటి వ్యయము, రెండవది నకలు నిరోధ యంత్రాంగము. ఈ రెండింటి స్వరూపమును, చరిత్రను, ఫలితములను ఉత్తర తెలంగాణమునందలి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల అనుభవమును ఆధారముగా గొని ఈ వ్యాసము వివరించును.

ప్రాంత పరిచయము

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీ వరకు కరీంనగర్ జిల్లాలోనివే. ఆనాటి పునర్వ్యవస్థీకరణముతో జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినవి. సిరిసిల్ల, రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైనది. జగిత్యాల, కోరుట్ల పరిసర గ్రామముల పురుషులు 1970వ దశకము మొదలుకొని దుబాయి, షార్జా, సౌదీ అరేబియా, కువైటు, మస్కటు, బహ్రెయిను ప్రాంతములకు పనులకై వలసపోవుచున్నారు. ఇంటిపట్టున నుండు స్త్రీలలో పెక్కుమంది బీడీలు చుట్టి సంసారమును నెట్టుకొని వచ్చుచున్నారు. సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. అచ్చటి కార్మికుని ఆదాయము నేసిన బట్ట మీటర్ల లెక్కపై ఆధారపడియుండును.

గృహ వీడియో చరిత్రకు ఈ జీవన విధానముతో దగ్గరి సంబంధము కలదు. పరికరము తరచుగా సముద్రము దాటి వచ్చెను. సినిమా ఊరిలోని దుకాణము నుండి వచ్చెను. వానికై వెచ్చించిన ధనము నెలవారీ పంపకముల నుండియు, కూలి నుండియు వచ్చెను. కావున యంత్రము ఒక దేశమునకును, డిస్కు మరియొక దేశమునకును ఉద్దేశింపబడినపుడు పుట్టు చిక్కులు ఈ ప్రాంతమునకు దూరపు సంగతులు కాలేదు.

చరిత్ర: కాసెట్టు దశ

జపానుకు చెందిన జె.వి.సి. సంస్థ 1976లో వీ.హెచ్.ఎస్. కాసెట్టును ప్రవేశపెట్టెను. భారతదేశమున 1982లో వర్ణ ప్రసారములు ఆరంభమైన పిదప వర్ణ టెలివిజనులకు గిరాకి పెరిగెను. సెలవుపై ఇంటికి వచ్చు గల్ఫ్ కార్మికుని సామానులో టేప్‌రికార్డరుతో పాటు వీ.సీ.ఆర్. కూడ చోటు చేసికొనెను. కొనలేనివారు టీవీని, 'డెక్కు' అని పిలువబడు వీ.సీ.ఆర్.ను, మూడు నాలుగు కాసెట్లను కలిపి ఒక రాత్రికి కిరాయికి తెచ్చి, వాడకట్టువారందరును చందా వేసికొని తెల్లవారువరకు చూచుట ఆనాటి పద్ధతి. హై డెఫినిషన్ యంత్రములకు కొరవడినది ఈ సామూహిక వ్యయ విభజనమే. కిరాయి పద్ధతి యంత్రపు ధరను అనేక గృహములపై పంచినది. తరువాతి కాలపు పరికరములు ఒక్కొక్క గృహము విడివిడిగా కొనవలసినవిగా తయారైనవి.

అనుమతి లేని నకళ్ళు కాసెట్ల కాలముననే ప్రబలినవి. దీనిని అరికట్టుటకై 1984లో కాపీరైటు చట్టమును సవరించి, వీడియో చిత్రములపై సెన్సారు ధ్రువపత్రపు నకలును, తయారుచేసినవాని పేరు, చిరునామాలను, హక్కుదారుని వివరములను విధిగా చూపవలెనని నిర్దేశించిరి.

చరిత్ర: వీ.సీ.డీ., డీ.వీ.డీ. దశ

1993లో ప్రమాణీకరింపబడిన వీడియో సీ.డీ.కి నకలు నిరోధము గాని ప్రాంతీయ సంకేతము గాని లేవు. ఒక చిత్రము రెండు మూడు డిస్కులలో ఇముడును. స్పష్టత కాసెట్టుతో సమానము. ఐనను ధర తక్కువ, అరుగుట లేదు, ఏ దేశపు యంత్రముననైనను ఆడును. ఈ మూడు గుణములచేత అది తెలుగు పట్టణములలో కాసెట్టును త్వరలోనే తొలగించెను. 1996లో జపానున విడుదలైన డీ.వీ.డీ. స్పష్టతను పెంచినది, దానితో పాటు గుప్తీకరణమును, ప్రాంతీయ సంకేతమును గూడ తెచ్చినది.

2007 ప్రాంతమున మోజర్ బేయర్ సంస్థ చలనచిత్ర వీ.సీ.డీ.ని 28 రూపాయలకు, డీ.వీ.డీ.ని 34 రూపాయలకు విక్రయింప మొదలిడెను. చట్టబద్ధమైన డిస్కు దొంగ డిస్కుతో ధరలో పోటీపడగలిగిన ఘట్టముగా దీనిని పేర్కొనవచ్చును. సరిగా ఇదే కాలమున ప్రపంచ విపణిలో హై డెఫినిషన్ డిస్కు ప్రవేశించుచుండెను; కనుక తెలుగు వినియోగదారుడు దాని ధరను ముప్పది రూపాయల డిస్కుతో పోల్చిచూచెను.

చరిత్ర: హై డెఫినిషన్ డిస్కుల స్పర్ధ

తొషీబా ప్రోత్సహించిన హెచ్.డి. డీ.వీ.డీ.యు, సోనీ మున్నగు సంస్థల బ్లూరేయు 2006లో విపణిలోనికి వచ్చినవి. అమెరికాలో తొషీబా తొలి యంత్రము ధర సుమారు 500 డాలర్లు. సామ్‌సంగ్ తొలి బ్లూరే యంత్రము ధర సుమారు 1,000 డాలర్లు. ఒక రూపమున వెలువడిన చిత్రము మరియొక రూపపు యంత్రమున ఆడకపోవుటచే రెండు సంవత్సరముల పాటు కొనువారు ఏది నిలుచునో తెలియక వేచియుండిరి. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూరే పక్షము వహించెను. అదే సంవత్సరము ఫిబ్రవరి 19న తొషీబా పోటీనుండి విరమించెను. హెచ్.డి. డీ.వీ.డీ. యంత్రము కొన్నవారికి ఆ తరువాత క్రొత్త చిత్రములు లభింపలేదు.

భారతదేశమున బ్లూరే ఆడించు పరికరములలో ముందుగా వచ్చినవానిలో సోనీ ప్లేస్టేషన్ 3 ఒకటి. 2007 ఏప్రిలులో దాని ధర 39,990 రూపాయలు. తెలుగు చిత్రములలో 2009 నాటి 'మగధీర' బ్లూరేపై తొలుదొలుత వెలువడినవానిలో చేరును. 'బాహుబలి' కూడ ఆ రూపమున లభించెను. మొత్తముమీద తెలుగు బ్లూరేల సంఖ్య స్వల్పము. అమెరికాదులందలి ప్రవాస తెలుగువారే వానికి ముఖ్య గ్రాహకులు.

ప్రమాణముల పోలిక

వీ.సీ.డీ. చిత్రము మన దేశపు పాల్ పద్ధతిలో 352×288 బిందువులది, డీ.వీ.డీ. 720×576, బ్లూరే 1920×1080. బిందువుల సంఖ్యలో బ్లూరే చిత్రము డీ.వీ.డీ. చిత్రమునకు సరిగా అయిదు రెట్లు, వీ.సీ.డీ.కి ఇరువది రెట్లకు పైబడి. డీ.వీ.డీ.ని 650 నానోమీటర్ల ఎరుపు లేజరు చదువును. బ్లూరేని 405 నానోమీటర్ల నీలలోహిత లేజరు చదువును. డీ.వీ.డీ. పొర ఒకటికి 4.7 గిగాబైట్లు, బ్లూరే పొర ఒకటికి 25 గిగాబైట్లు పట్టును.

ఈ ఆధిక్యము కంటికి గోచరించుట తెర పరిమాణముపైనను, చూచు దూరముపైనను ఆధారపడును. 32 అంగుళముల తెరపై ఫుల్ హెచ్.డి. చిత్రపు సంపూర్ణ స్పష్టతను గ్రహింపవలెనన్నచో సామాన్య దృష్టి గలవాడు సుమారు నాలుగు అడుగుల దూరమున కూర్చుండవలెను. ముందుగదిలో తెరకు ఎనిమిది పది అడుగుల ఎడమున చాప పరచుకొని కూర్చుండు కుటుంబమునకు ఆ భేదము కొంతవరకే తెలియును. అదియును గాక, ఆ పరిమాణపు తెరలలో పెక్కింటికి 1366×768 బిందువులే ఉండును, వానిని 'హెచ్.డి. రెడీ' అని విక్రయింతురు.

వ్యయము: యంత్రము, తెర, తీగ

హై డెఫినిషన్‌కు మారుట ఒక్క యంత్రమును కొనుటతో ముగియదు. ప్లేయరు, తెర, వానిని కలుపు హెచ్.డి.ఎం.ఐ. తీగ, డిస్కు అను నాలుగును ఒకే ప్రమాణమున ఉన్నప్పుడే ఫలితము సిద్ధించును. సిరిసిల్లలో గాని కోరుట్లలో గాని 2008 నాటి సామాన్య గృహమున నున్నది గాజుగొట్టపు టీవీ. దాని వెనుక పలకపై పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రములు మూడు మాత్రముండును. బ్లూరే ప్లేయరును ఆ పసుపు తీగతో తగిలించినచో బొమ్మ కనబడును. కాని ఆ మార్గము 576 గీతలకు మించి మోయలేదు గనుక, చూచువానికి దక్కునది డీ.వీ.డీ. స్పష్టతయే. డిస్కుకు చెల్లించిన అధిక మూల్యము ఆ తీగ యొద్దనే నిరర్థకమగును.

కూలి ఆధారముగా బ్రతుకు ఇంట పెద్ద పరికరము సాధారణముగా వాయిదాలపై వచ్చును. వాయిదా తీరకముందే ప్రమాణము మారుట ఈ వర్గమునకు విశేష నష్టము. విద్యుద్వోల్టేజి హెచ్చుతగ్గులు గల చోట స్టెబిలైజరు ఖర్చు అదనము.

వ్యయము: డిస్కు ఉత్పత్తి

డీ.వీ.డీ.యందు సమాచారపు పొర ఉపరితలమునకు 0.6 మిల్లీమీటర్ల లోతున ఉండగా, బ్లూరేయందు 0.1 మిల్లీమీటరు లోతుననే ఉండును. గీతలు పడకుండ దృఢమైన పూత అవసరము; అచ్చువేయుటకు క్రొత్త యంత్రశ్రేణి అవసరము. హెచ్.డి. డీ.వీ.డీ. పాత లోతునే నిలుపుకొనుటవలన డీ.వీ.డీ. కర్మాగారములను స్వల్ప మార్పులతో వాడుకొనగలిగెను. అది దాని పక్షమువారి ముఖ్య వాదము.

దీనికి తోడు, డీ.వీ.డీ.పై గుప్తీకరణము నిర్మాత ఇచ్ఛకు విడువబడగా, కర్మాగారమున అచ్చగు బ్లూరే చలనచిత్ర డిస్కుపై ఏ.ఏ.సీ.ఎస్. రక్షణము విధాయకమైనది. రక్షణము కోరని నిర్మాతయు దాని అనుమతి రుసుమును భరింపవలసివచ్చెను. కొద్ది ప్రతులు మాత్రమే అమ్ముడగు ప్రాంతీయ భాషా చిత్రమునకు ఈ స్థిర వ్యయము ప్రతి డిస్కుపై భారముగా పడును. లక్షలుగా అమ్ముడగు హాలీవుడ్ చిత్రమునకు అది లెక్కకు రాదు. తొలి సంవత్సరములలో భారతదేశమున బ్లూరే డిస్కు ధర వేయి రూపాయలు దాటుట అరుదు కాదు.

వ్యయము: సుంకములు, పన్నులు

గల్ఫ్ నుండి పలుచని తెర గల టీవీని సామానుగా తెచ్చుకొనుట జగిత్యాల ప్రాంతమున ఒక ఆనవాయితీగా మారెను. రూపాయి విలువ పడిపోయిన 2013లో కేంద్ర ప్రభుత్వము ఆగస్టు 26వ తేదీ నుండి అట్టి టీవీలను సుంకరహిత సామాను పరిమితి నుండి తొలగించి, 35 శాతము సుంకమును, దానిపై ఉపపన్నును కలిపి 36.05 శాతము విధించెను. 2016 సామాను నియమములందును ఎల్.సీ.డీ., ఎల్.ఇ.డి., ప్లాస్మా టీవీలు మినహాయింపు లేని వస్తువుల పట్టికలోనే నిలిచినవి. అంతకుముందు విమానాశ్రయమున రూపాయి చెల్లింపకయే బయటికి వచ్చిన డబ్బాకు అటుపై విలువలో మూడవ వంతుకు పైగా చెల్లింపవలసివచ్చెను.

దేశీయ విపణిలో 32 అంగుళములకు మించిన టీవీలపై వస్తు సేవల పన్ను 28 శాతముగా ఉండెను. 2019 జనవరి నుండి 32 అంగుళములవరకు గల వానిపై 18 శాతము. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద తెరలపై గూడ పన్ను 18 శాతమునకు తగ్గినది. హై డెఫినిషన్ ప్రయోజనము స్పష్టముగా కనబడు పరిమాణముల తెరలే చిరకాలము అధిక పన్నును మోసినవని గమనింపదగును.

వ్యయము: కేబుల్ ప్రసారములు

పురపాలక పట్టణములలో కేబుల్ ప్రసారములను డిజిటల్‌కు మార్చుటకు 2015 డిసెంబరు 31 గడువుగా నిర్ణయింపబడెను. ఈ మూడు పట్టణములు ఆ దశకు చెందినవే. 2019 ఫిబ్రవరి నుండి అమలైన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విధానములో నూరు సాధారణ చానళ్ళకు పన్నులు గాక 130 రూపాయల మూలరుసుము విధింపబడెను. ఆ లెక్కలో ఒక హెచ్.డి. చానలు రెండు సాధారణ చానళ్ళతో సమానముగా ఉండెను. దాని ధరయు సాధారణ రూపపు ధరకన్న సామాన్యముగా అధికము.

వ్యయము: పెండ్లి వీడియో

చలనచిత్రములతో సంబంధము లేని గృహ వీడియోలో ప్రధానమైనది పెండ్లి చిత్రణము. భర్తయో సోదరుడో గల్ఫ్‌లో ఉండి పెండ్లికి రాలేని కుటుంబమున ఈ వీడియో వేడుక మాత్రమే కాదు, అవసరము. 2003లో వచ్చిన హెచ్.డి.వి. పద్ధతి పాత మినీ డీ.వీ. టేపుపైననే హై డెఫినిషన్‌ను నమోదు చేయ వీలిచ్చెను. 2006లో సోనీ, పానాసోనిక్ సంస్థలు ఏ.వీ.సీ.హెచ్.డి.ని ప్రకటించినవి, 2008 నాటి కెనాన్ 5డి మార్క్ 2 మొదలుగా ఫొటో కెమెరాలు ఫుల్ హెచ్.డి. వీడియో తీయసాగినవి. ఫొటో స్టూడియో యజమాని కెమెరాను, కంప్యూటరును, నిల్వ సామగ్రిని మరల మరల మార్చవలసివచ్చెను.

ఐనను పెండ్లివారికి అందినది చాలకాలము డీ.వీ.డీ.యే. 1920×1080లో తీసిన తలంబ్రాల దృశ్యమును కూర్పు ముగిసిన పిదప 720×576కు కుదించి, డిస్కుపై ఎక్కించి, వధూవరుల బొమ్మ అచ్చువేసిన పెట్టెలో పెట్టి ఇచ్చెడివారు. ఏలయనగా ఇంటనున్నదియు, గల్ఫ్ క్యాంపు గదిలో నున్నదియు డీ.వీ.డీ. ప్లేయరే. వ్రాయదగిన బ్లూరే డిస్కుగాని దానిని వ్రాయు డ్రైవుగాని ఈ పనికి విరివిగా వాడుకకు రాలేదు. పెన్‌డ్రైవు నేరుగా వాని స్థానమున నిలిచెను. సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూరే డిస్కుల, మినీ డీ.వీ. కాసెట్ల ఉత్పత్తిని 2025 ఫిబ్రవరిలో ముగించెను.

నకలు నిరోధము: పనిచేయు విధము

కాసెట్ల కాలమున 1980వ దశకపు మధ్యభాగము నుండి మాక్రోవిజన్ అను పద్ధతి ఉండెను. అది చిత్రసంకేతములో కనబడని భాగమున అసాధారణ స్పందనములను చేర్చి, రెండవ వీ.సీ.ఆర్. నకలు తీయబోయినపుడు బొమ్మ మసకబారునట్లు చేయును. డీ.వీ.డీ.కి సీ.ఎస్.ఎస్. అను 40 బిట్ల గుప్తీకరణము ఏర్పడెను. 1999లో వెలువడిన డీసీఎస్ఎస్ అను ప్రోగ్రాము దానిని ఛేదించెను. ఆ సంబంధమున నార్వేలో అభియోగమునకు గురియైన యువకుడు యోన్ లేక్ యోహాన్సెన్‌ను అచ్చటి న్యాయస్థానములు 2003లో రెండుమార్లు నిర్దోషిగా ప్రకటించినవి.

ఈ అనుభవముతో హై డెఫినిషన్ డిస్కులకు బహుళ రక్షణములను కల్పించిరి. వానిలో ముఖ్యమైనవి:

ఏ.ఏ.సీ.ఎస్.: ఐ.బి.ఎం., ఇంటెల్, మైక్రోసాఫ్ట్, పానాసోనిక్, సోనీ, తొషీబా, డిస్నీ, వార్నర్ సంస్థలు కలిసి నిర్మించినది. 128 బిట్ల గుప్తీకరణముతో పనిచేయును. ప్రతి ప్లేయరుకు కొన్ని కీలు ఇవ్వబడును. ఏదేని ఒక కీ బయటపడినచో అటుపై అచ్చగు డిస్కులు ఆ కీని నిరాకరించును.

బీ.డీ. ప్లస్: డిస్కుపైననే ఒక చిన్న ప్రోగ్రామును ఉంచి, ప్లేయరు యథార్థమైనదగునా కాదా యని పరీక్షించునది. కొన్ని చిత్రములకు మాత్రమే వాడిరి.

హెచ్.డి.సీ.పీ.: ఇంటెల్ రూపొందించినది. ప్లేయరుకును తెరకును మధ్యనున్న తీగలో పోవు సంకేతమును గుప్తపరచును. తెర ఈ పద్ధతిని ఎరుగనిదైనచో పూర్తి స్పష్టత లభింపదు, లేదా బొమ్మయే రాదు.

సాదృశ్య (అనలాగ్) మార్గముల నియంత్రణము: హక్కుదారుడు కోరినచో పాత పద్ధతి తీగలలో చిత్రమును 960×540కు కుదింపవచ్చును. 2010 అనంతరము తయారగు ప్లేయర్లలో ఆ మార్గములను సాధారణ స్పష్టతకు పరిమితము చేయవలెననియు, 2013 అనంతరము పూర్తిగా తొలగింపవలెననియు ఏ.ఏ.సీ.ఎస్. నియమములు నిర్దేశించెను.

సినావియా: శబ్దములో వినబడని ముద్రను దాచి, థియేటరు ప్రతినుండి తీసిన నకలు ప్లేయరులో ఆడుచున్నప్పుడు కొంతసేపటికి ధ్వనిని ఆపివేయునది. 2012 నుండి బ్లూరే ప్లేయర్లకు ఇది విధాయకమైనది.

ప్రాంతీయ సంకేతము

విడుదల తేదీలను, ధరలను దేశమునకొక విధముగా నిర్ణయించుకొనుటకై చిత్ర సంస్థలు ప్రపంచమును మండలములుగా విభజించినవి. డీ.వీ.డీ. లెక్కలో అమెరికా 1వ మండలము, గల్ఫ్ దేశములు 2వ మండలము, భారతదేశము 5వ మండలము. బ్లూరే లెక్కలో అమెరికా ఏ, గల్ఫ్ దేశములు బీ, భారతదేశము సీ. దుబాయిలో కొన్న బీ మండలపు ప్లేయరు భారతదేశమున విక్రయింపబడు సీ మండలపు డిస్కును తిరస్కరించును. అమెరికాలోని బంధువు పంపిన ఏ మండలపు డిస్కును ఈ రెండు దేశముల ప్లేయర్లును తిరస్కరించును. మూడు దేశములలో చెదరియున్న ఒకే కుటుంబమునకు ఇది వింత నిర్బంధము. భారతీయ చిత్రముల డిస్కులు అధిక భాగము సర్వమండల యోగ్యములుగా వెలువడుటచే తెలుగు చిత్రముల విషయమున ఈ చిక్కు తగ్గినది. ఆంగ్ల చిత్రముల విషయమున నిలిచినది. అల్ట్రా హెచ్.డి. బ్లూరేకు ప్రాంతీయ సంకేతము లేదు.

వినియోగదారునకు కలిగిన అసౌకర్యములు

నిరోధ యంత్రాంగము యొక్క నిరంతర పునరుద్ధరణము ప్లేయరుపై ఒక బాధ్యతను మోపినది. కీలు మారినపుడు ప్లేయరు లోని ఫర్మ్‌వేరును నవీకరింపనిచో క్రొత్త డిస్కు ఆడదు. తొలితరపు ప్లేయర్లలో చాలవానికి అంతర్జాల సంబంధము ఉండదు. కావున ఇంట బ్రాడ్‌బ్యాండు లేనివారు నెట్ సెంటరునకు పోయి నవీకరణమును పెన్‌డ్రైవులోనో డిస్కులోనో దింపి తెచ్చుకొనవలెను. తయారీదారు ఆ నమూనాకు నవీకరణములను ఆపినచో ప్లేయరు చెడిపోకయే పాతదగును.

కంప్యూటరుపై చూచువారికిని ఇట్టి అవస్థయే. అల్ట్రా హెచ్.డి. బ్లూరేను కంప్యూటరుపై చూచుటకు ఇంటెల్ ప్రాసెసరులోని ఒక భద్రతా విభాగము అవసరము. తరువాతి తరముల ప్రాసెసర్లలో ఇంటెల్ ఆ విభాగమును తొలగించుటతో న్యాయముగా కొన్న డిస్కు క్రొత్త కంప్యూటరుపై ఆడకుండెను. కొన్న డిస్కుకు ఒక రక్షణప్రతి తీసికొనుట, దానిని ఫోనునకో పెన్‌డ్రైవునకో మార్చుకొనుట సామాన్యునకు అసాధ్యమైనవి.

నిరోధము, చౌర్యము

నిరోధము ఉద్దేశించిన ఫలితమును ఎంతవరకు సాధించెనను ప్రశ్నకు లభించు సాక్ష్యము మిశ్రమము. ఏ.ఏ.సీ.ఎస్. రక్షణము 2006 డిసెంబరులోనే తొలిసారి ఛేదింపబడెను, బీ.డీ. ప్లస్ ఒకటి రెండు సంవత్సరములలో దాటబడెను, హెచ్.డి.సీ.పీ. మూలకీ 2010 సెప్టెంబరులో బహిర్గతమైనదని ఇంటెల్ అంగీకరించెను. తెలుగు దేశమున దొంగ డిస్కుల మూలము సామాన్యముగా బ్లూరే కాదు. థియేటరులో కెమెరాతో తీసినది 'థియేటర్ ప్రింటు'. నిర్మాణానంతర దశలోనో డిస్కునుండియో వచ్చినది 'మాస్టర్ ప్రింటు'. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రములో సగమునకు పైగా విడుదలకు ముందే బయటికి వచ్చినపుడు డిస్కు గుప్తీకరణమునకు అందులో ప్రమేయమే లేదు. ఆనాటికి ఆ చిత్రమునకు డిస్కే లేదు.

దొంగ డిస్కు స్పష్టతలో అధమమైనను రెండు సౌకర్యములు కలిగియుండెను: ఒకే డీ.వీ.డీ.పై నాలుగైదు చిత్రములు ఉండుట, ఏ యంత్రముననైనను ఆడుట. 2010 తరువాత మొబైలు దుకాణములలో మెమరీ కార్డుకు సినిమాలు 'ఎక్కించు' వ్యాపారము వ్యాపించి, చట్టబద్ధమైన డిస్కును, దొంగ డిస్కును కూడ ఒకేసారి వెనుకకు నెట్టెను.

న్యాయశాస్త్ర స్థితి

1996 నాటి ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కాపీరైటు ఒడంబడిక, సాంకేతిక రక్షణములను ఛేదించుటకు విరుద్ధముగా చట్టములు చేయవలెనని సభ్యదేశములను కోరెను. అమెరికా 1998 చట్టముతో అట్టి ఛేదనమును విస్తృతముగా నిషేధించెను. భారతదేశము ఆ ఒడంబడికలో 2018లో చేరెను గాని, అంతకుముందే 2012 సవరణ చట్టము ద్వారా 65ఏ సెక్షనును చేర్చుకొనెను. అది ఆ సంవత్సరము జూన్ 21 నుండి అమలులోనికి వచ్చెను.

ఈ సెక్షను ప్రకారము హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో రక్షణమును ఛేదించినవానికి రెండు సంవత్సరములవరకు కారాగారము, జరిమానా విధింపవచ్చును. చట్టము స్పష్టముగా నిషేధింపని ప్రయోజనమునకై చేసిన ఛేదనము నేరము కాదు. ఐతే అందుకు తోడ్పడిన వ్యక్తి, తోడ్పాటు పొందినవాని పేరు, చిరునామా, ప్రయోజనము మున్నగు వివరములను భద్రపరుపవలెను. ఉద్దేశమును ప్రమాణముగా గొనుటచేత భారతీయ నియమము అమెరికా నియమముకన్న వినియోగదారునకు మృదువైనది. థియేటరులో దొంగతనముగా చిత్రించుటకు 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టము మూడు నెలల నుండి మూడు సంవత్సరములవరకు కారాగారమును, మూడు లక్షల రూపాయల నుండి నిర్మాణ వ్యయములో అయిదు శాతము వరకు జరిమానాను నిర్దేశించెను.

భిన్న దృక్పథములు

నిర్మాతల వాదము ఇట్లుండును: డిజిటల్ నకలు మూలముతో సర్వసమానము, కాసెట్టు నకలు వలె తరుగుదల లేనిది, ఒక్క ప్రతి బయటపడినచో విపణి యంతయు నష్టపడును, కనుక రక్షణము లేనిచో ఉత్తమ స్పష్టతతో చిత్రమును ఇంటికి విడుదల చేయుటకు పెట్టుబడిదారుడు జంకును. రక్షణము శాశ్వతము కానక్కరలేదనియు, విడుదలైన తొలి వారములను కాపాడినను చాలుననియు వారు చెప్పుదురు. నటీనటులు మొదలు లైట్‌మెన్ వరకు పలువురి జీవనము ఈ రాబడిపై ఆధారపడుట కాదనరాని విషయము.

వినియోగదారుల పక్షమువారి వాదము వేరు: నిరోధము నకలు తీయువానిని కొద్దికాలమే ఆపును, కొన్నవానిని మాత్రము ఎల్లకాలము నియంత్రించును, దాని వ్యయమును ధర రూపమున భరించువాడును కొన్నవాడే, గ్రంథాలయములు, చిత్రభాండాగారములు భవిష్యత్తు కొరకు ప్రతులు తీయుటకును అది అడ్డగును.

డిస్కు అనంతర దశ

2016లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో భారతదేశమున ప్రవేశించుట, అదే సంవత్సరము సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై డేటా ధర పడిపోవుట, 2020లో తెలుగు చిత్రములకే ప్రత్యేకించిన ఆహా వేదిక వెలయుట వరుసగా జరిగినవి. మోజర్ బేయర్ సంస్థ 2018లో దివాలా పరిష్కార ప్రక్రియ విఫలమై మూసివేతకు గురియైనది.

డిస్కు పోయినను రెండు ప్రతిబంధకములును రూపము మార్చుకొని నిలిచినవి. వ్యయము నెలవారీ చందాగను, డేటాగను మారినది. నకలు నిరోధము గూగుల్ వారి వైడ్‌వైన్ మున్నగు పద్ధతులలో కొనసాగుచున్నది. ఉన్నత భద్రతా స్థాయి గుర్తింపు లేని చౌక ఫోనులపై, టీవీ పెట్టెలపై అనేక సేవలు సాధారణ స్పష్టతను మాత్రమే అనుమతించును. తెర ఫుల్ హెచ్.డి. యైనను, చందా చెల్లించినను, యంత్రపు ధ్రువీకరణము లేనిచో ఆ స్పష్టత అందదు. గల్ఫ్‌లో లభించు చిత్రము జగిత్యాలలో లభింపకపోవుట, ఇక్కడిది అక్కడ లభింపకపోవుట ప్రాంతీయ సంకేతమునకు నేటి రూపము.

ప్రాముఖ్యము

హై డెఫినిషన్ డిస్కు ఈ మూడు పట్టణములలో వీ.సీ.ఆర్. వలె గాని వీ.సీ.డీ. వలె గాని వేళ్ళూనలేదు. ఇందుకు వ్యయమొక్కటే కారణమని చెప్పుట అసమగ్రము. ధరలు కాలక్రమమున తగ్గినవి. నిరోధమొక్కటే కారణమనుటయు తగదు. భారతీయ డిస్కులలో పెక్కింటికి మండల నిర్బంధము లేదు. రెండును కలిసినచోటనే భారము దుర్భరమైనది. అధిక మూల్యము చెల్లించినవానికి దక్కిన వస్తువు తక్కువ మూల్యపు వస్తువుకన్న తక్కువ స్వేచ్ఛను ఇచ్చెను: వీ.సీ.డీ.ని పొరుగింటికి ఇచ్చి చూడుమనవచ్చును, గల్ఫ్‌కు పోవువాని చేత పంపవచ్చును, ఏ యంత్రముననైనను ఆడింపవచ్చును. పంచుకొనుట ద్వారానే వీడియోను ఇంటికి తెచ్చుకొన్న సమాజమున, పంచుకొనుటకు వీలుపడని మాధ్యమము స్పష్టతలో ఎంత మేలైనదైనను వ్యాప్తి చెందదని ఈ ప్రాంతపు చరిత్ర తెలుపుచున్నది. మున్ముందు ఏ మాధ్యమమునకైనను ధరను, ప్రమాణమును నిర్ణయించువారు యంత్రము ఒక దేశమునను, కుటుంబము మరియొక దేశమునను ఉండు గృహములను గూడ లెక్కలోనికి తీసికొనవలసియున్నది.